ఊరి అడవి, చిన్న కమతం: నిలకడగా ఉన్నాయో లేదో తేల్చుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ, చందంపేట వైపు ఊళ్లలో, తండాల్లో, చెంచు పెంటల్లో (చెంచుల చిన్న ఊళ్లలో) అడవి గురించీ చెలకల (వానాధారపు మెట్ట పొలాల) గురించీ నలుగురు కూర్చుని మాట్లాడుకున్నప్పుడల్లా ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా అడవి పచ్చగానే ఉంది, పంటా వస్తోంది. ఇంకా కొలవాల్సింది ఏముంది?

పచ్చదనం ఈ ఏటి వాన సంగతి మాత్రమే చెబుతుంది. నల్లగొండ, పాలమూరు వైపు ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ ఏటా ఒకేలా పడదు. ఇలాంటి చోట నష్టం కంటికి కనబడకుండా పేరుకుంటుంది. పెద్ద చెట్లు నిండుగా ఉన్నా వాటి కింద ఒక్క మొలకా ఉండదు. పంట ఇంటికి వస్తూనే ఉన్నా బోరులో నీళ్లు ఏటికేడు కిందికి పోతుంటాయి, పెట్టుబడి అప్పు పెరుగుతుంటుంది. ఈ రోజు తీసుకుంటున్నంత మన పిల్లలూ తీసుకోగలరా, కాలం కాని ఏడాది ఊరు తట్టుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే కొలిచి రాసిపెట్టుకోవాల్సిందే.

అడవిని ఒకసారి, పొలాన్ని ఒకసారి విడివిడిగా చూస్తే సరిపోదా?

సరిపోదు. మన దగ్గర ఈ రెండింటికీ లెక్క ఒకటే. పశువులు గుట్ట మీద మేసి వస్తే ఆ పేడ చెలకకు ఎరువవుతుంది. గుట్ట మీద పడిన వాన ఇంకితే కింద కుంట, బావి నిలుస్తాయి. ఎండాకాలంలో తునికాకు, చిల్లగింజలు, కుంకుళ్లు అమ్మిన డబ్బుతోనే చాలా ఇళ్లలో వానాకాలం విత్తనాలు కొంటారు. అడవిని కాపాడాలని మేతను ఒక్కసారిగా ఆపేశారనుకోండి. మేకలు అమ్ముడుపోతాయి, ఎరువు తగ్గుతుంది, యూరియా బస్తాలు పెరుగుతాయి. అడవి పుస్తకంలో అది లాభంగా కనబడుతుంది, పొలం పుస్తకంలో నష్టంగా. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఈ అంచనా ఎవరు వేయాలి? అధికారులా, చదువుకున్నవాళ్లా, మేమా?

మీరే. చెట్టు పేరు, దాని కాపు, ఏ గుట్టకు ఎప్పుడు నిప్పు అంటుకుందో తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. బయటివాళ్లు వచ్చి ఒకసారి కొలిచి నివేదిక రాసుకుని పోతే, మరుసటి ఏడు కొలిచేవాళ్లు ఉండరు. కొలిచే బృందంలో ఒక చెంచు పెద్ద, ఒక పశువుల కాపరి, అడవికి వెళ్లే ఇద్దరు మహిళలు, లెక్కలు రాయగల ఒక యువకుడో యువతో ఉంటే చాలు. భూసార పరీక్షలాంటి వాటికి మాత్రం వ్యవసాయ శాఖ సాయం తీసుకోండి.

దీనికి ఎక్కడైనా ఒప్పుకున్న పద్ధతి ఉందా?

ఉంది. మెక్సికోలో 1990లలో చిన్న రైతులనూ ఉమ్మడి అడవులనూ దృష్టిలో పెట్టుకుని ‘మెస్మిస్’ అనే పద్ధతిని తయారు చేశారు. ఉత్పాదకత, స్థిరత్వం, దెబ్బ తగిలాక కోలుకునే శక్తి, నమ్మదగినతనం, మార్పుకు సర్దుకోగలగడం, సమానత, స్వావలంబన అనే ఏడు గుణాలను అది చూస్తుంది. ముందు మన వ్యవస్థ ఏమిటో రాసుకోవాలి. దాని బలహీనమైన చోట్లు గుర్తించాలి. వాటికి తగిన సూచికలు, అంటే ఏటా కొలిచి చూడగల గుర్తులు, ఎంచుకుని, కొలిచి, ఒకచోట చేర్చి చూసి, చేయాల్సింది తేల్చుకోవాలి. కొన్నేళ్లకు మళ్లీ మొదటి నుంచి ఇదే చుట్టు తిరగాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకూ ఇలాంటి పద్ధతులున్నాయి. వరస ఏ పద్ధతి నుంచైనా తీసుకోవచ్చు. సూచికలు మాత్రం మన గుట్ట, మన చెలక, మన బోరు చూసి ఎంచుకోవాలి. అరువు తెచ్చుకున్న సూచికలు మన ఊళ్లో నిలబడవు.

ఎన్ని సూచికలు పెట్టుకోవాలి?

పది, పన్నెండుకు మించవద్దు. నలభై పెట్టుకున్న ఊళ్లో రెండో ఏడాది ఎవరూ కొలవరు.

## హక్కు, హద్దు

వన సంరక్షణ సమితికీ, అటవీ హక్కుల చట్టం కింద వచ్చే సామాజిక హక్కుకూ తేడా ఏమిటి? అంచనాకు దానితో పనేమిటి?

ఉమ్మడి రాష్ట్రంలో 1990లలో ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002 నుంచి అదే సామాజిక అటవీ యాజమాన్యంగా సాగింది. అందులో భూమిపై అధికారం అటవీ శాఖదే. సమితికి దక్కేది కాపలా బాధ్యత, ఫలసాయంలో వాటా. 2006 అటవీ హక్కుల చట్టం దారి వేరు. ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును అది గ్రామసభకు గుర్తిస్తుంది. సామాజిక అటవీ వనరుల హక్కు కోసం ‘సి’ ఫారంలో దరఖాస్తు పెట్టుకోవాలి.

అంచనాతో దీనికి పని ఉంది, చాలా ఉంది. రేపు ఈ అడవి మనదవుతుందో కాదో తెలియనివాడు ఈ రోజే కొట్టుకుంటాడు. కాబట్టి ఊరి దగ్గర ఏ కాగితం ఉంది, దరఖాస్తు ఎక్కడ ఆగింది, హద్దు పటం ఉందా లేదా అన్నవి మొదటి పేజీలోనే రాయండి. అడవిలో చెట్టు ఎంత ముఖ్యమో ఆ పేజీ అంత ముఖ్యం.

మేం పులుల అభయారణ్యం లోపల ఉన్నాం. మాకు హక్కులు ఉండవంటున్నారు, నిజమేనా?

నిజం కాదు. అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ పులుల సంరక్షణ ప్రాంతాలకూ వర్తిస్తుంది. అమ్రాబాద్ కూడా అందులో భాగమే. ఊరు తరలించాలంటే హక్కుల గుర్తింపు ముందు పూర్తి కావాలి, గ్రామసభ సమ్మతి ఉండాలి, అదీ ఇష్టపూర్వకంగా ఇచ్చినదై ఉండాలి. అలాంటి గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి. వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. తీర్మానం రాసిన రోజు ఎంతమంది ఉన్నారో, సంతకాలు ఎన్నో చూసుకోండి.

ఊరు ఎంత బాగా కాపాడుకున్నా బయటి నుంచి ముప్పు వస్తే ఏం చేయాలి?

దాన్నీ అంచనాలో ఒక అంశంగా రాయండి. నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు జనం గట్టిగా నిలబడ్డారు. 2019లో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గని, రోడ్డు, జలాశయం, కాలువ, ఏ ప్రతిపాదన ఉన్నా తేదీతో సహా పుస్తకంలో ఉండాలి. రేపు వాదించాల్సి వస్తే అడవిలో ఏముందో చూపించగల రాతపూర్వక ఆధారం మీ దగ్గర ఉంటుంది.

## అడవిలోకి వెళ్లాక

అంత పెద్ద అడవిలో చెట్లన్నీ లెక్కపెట్టడం సాధ్యమా?

అవసరం లేదు. పది మీటర్లకొక ముడి వేసిన నలభై మీటర్ల తాడు తీసుకోండి. దాన్ని నలుచదరంగా పరిస్తే ఒక్కో వైపు పది మీటర్ల గడి వస్తుంది. ఊరివైపు అంచు నుంచి గుట్ట పైదాకా నేరుగా నడుస్తూ రెండు వందల అంగలకు ఒక గడి వేయండి. నచ్చిన చోట వేయవద్దు. అలా చేస్తే మంచి చెట్లున్న చోటికే కాళ్లు పోతాయి. గడిలో ఉన్న ప్రతి చెట్టు పేరు, రొమ్ము ఎత్తులో, అంటే సుమారు నాలుగున్నర అడుగుల దగ్గర, దాని చుట్టుకొలత రాయండి. మొద్దులు కనబడితే అవీ లెక్కపెట్టండి. కొట్టిన చోట కలప రంగు ఇంకా తాజాగా ఉంటే ఈ ఏటిదని, నల్లబడి పగిలితే పాతదని వేరుగా రాయండి. వచ్చే ఏడు అవే గడులకు వెళ్లగలిగేలా మూలన ఒక రాయికి సున్నం పూయండి.

పెద్ద చెట్లు చాలానే ఉన్నాయి. మొలకల గురించి ఎందుకు అంత పట్టుబడతారు?

పడుచువాళ్లంతా వలసపోయి ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరు ఎలా ఉంటుందో పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మొలకలు లేని అడవీ అలాంటిదే. ఒక్కో జాతికి మూడు వయసులు చూడండి: మోకాలి లోపు మొలకలు, మనిషి ఎత్తు దాకా ఎదిగిన పిల్ల చెట్లు, కాపుకొచ్చిన చెట్లు. చిన్నవి ఎక్కువ, పెద్దవి తక్కువ ఉంటే ఆ జాతి నిలుస్తుంది. నల్లమద్ది, చిరుమాను, తునికిలాంటివి మోడు నుంచి కూడా చిగురిస్తాయి కాబట్టి చిగుర్లను, విత్తనపు మొలకలను వేరువేరుగా రాయాలి. ఇప్పలో, చిల్లలో, ఉసిరిలో ముసలి చెట్లే తప్ప పిల్ల చెట్లు కనబడకపోతే కారణం వెతకాలి. గింజ మొత్తం ఏరేస్తున్నారా? ఏటా నిప్పు వస్తోందా? మేకలు కొరుకుతున్నాయా? ఒక్కో కారణానికి మందు వేరు.

బంక, తేనె, గడ్డలు ఎంత తీస్తే అడవికి ఇబ్బంది ఉండదు?

ఇన్ని కిలోలని ఒక్క అంకె చెప్పడం కుదరదు. చెట్టే చెబుతుంది, దగ్గరికి వెళ్లి చూడాలి.

బంక తీసే తపసి చెట్టు ముందు నిలబడి గాటు మీద వేలు పెట్టి చూడండి. గాటు బెరడుతోనే ఆగిందా, లోపలి కలప తెల్లగా బయటపడిందా? పాత గాటు అంచులు ఉబ్బి లోపలికి మూసుకుపోతున్నాయంటే చెట్టు కోలుకుంటోంది. అంచులు ఎండి, మధ్యలో పురుగు తొలిచిన పొడి రాలుతుంటే అది చచ్చిపోయే చెట్టు. ఒకే చెట్టుకు చుట్టూ గాట్లు పెట్టి ఉంటే, లేత చెట్లకు కూడా గొడ్డలి తగిలి ఉంటే, ఆ పెంటలో బంక మీద ఆధారం మితిమీరిందని అర్థం. పది తపసి చెట్లలో ఎన్ని కోలుకుంటున్నాయో ఏటా లెక్కపెడితే అంతకు మించిన సూచిక లేదు.

తేనె విషయంలో పట్టు మొత్తం కోశారా, తేనె ఉన్న భాగమే కోసి తేనెటీగ పిల్లలున్న భాగాన్ని వదిలేశారా అని చూడాలి. తెలిసిన చెంచులు వదిలేస్తారు. ఎవరికో పోతుందన్న భయం ఉన్నచోటే మొత్తం కోస్తారు. మారేడు గడ్డల సంగతి అన్నిటికంటే కష్టం. వేరంతా తవ్వితే తీగ చచ్చిపోతుంది. అందుకే గడ్డ తవ్వడానికి పోయే దూరం ఏటికేడు పెరుగుతోందా అని అడగండి. ముందు ఊరి పక్కనే దొరికి, ఇప్పుడు పూట నడిస్తే గానీ దొరకడం లేదంటే లెక్క తేలిపోయినట్టే. ఉసిరికి, సారపప్పుకు కాయ ఏరారా, కొమ్మ నరికారా అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఫోనులో ఉపగ్రహ చిత్రం చూస్తే అడవి పెరిగినట్టుంది. అది చాలదా?

చాలదు. పై నుంచి చూస్తే లంటానా కంపా పచ్చనే, సర్కారు తుమ్మా పచ్చనే, నీలగిరి తోటా పచ్చనే. కింద మేత లేదని, చిల్ల చెట్టు లేదని ఆ చిత్రం చెప్పదు. మనది ఆకురాల్చే అడవి కాబట్టి అక్టోబరు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోల్చితే అడవి మాయమైనట్టే ఉంటుంది. హద్దులు గీసుకోవడానికి, కాలిన మేర చూసుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది. ఎప్పుడూ ఒకే నెల చిత్రాలను పోల్చండి.

నిప్పును ఎలా లెక్కించాలి?

ఫిబ్రవరి నుంచి మే దాకా ఎన్నిసార్లు, ఎక్కడ, ఎంత మేర కాలిందో పటం మీద రంగు వేయండి. ఎవరు పెట్టారన్న తగువులోకి దిగకుండా, ఎందుకు పెట్టారన్నది రాయండి.

మేకలే అడవిని తినేస్తున్నాయి, ఆపేస్తే పోదా?

మేకల మందలున్న ఇల్లు సాధారణంగా భూమి లేని ఇల్లో, ఎకరం అరెకరం ఉన్న ఇల్లో అయి ఉంటుంది. ఒక గుట్టను మూసేస్తే మంద పక్క గుట్టకు పోతుంది. ఈ గుట్ట బాగుపడినట్టు, ఆ గుట్ట పాడైనట్టు రెండూ జరుగుతాయి. కొలిచేటప్పుడు పక్క గుట్టనూ చూడాలి. కాపరులను కూర్చోబెట్టి ఏ గుట్ట ఎన్నేళ్లు మూయాలి, తర్వాత ఏది తెరవాలి అని వంతులు తేల్చుకున్న చోట మొలక లేస్తుంది, మందా మిగులుతుంది.

## చెలకలో

నేల బాగుందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. చెలకలోంచి గోలీ కాయంత ఎండు మట్టి గడ్డలు నాలుగు, గట్టు మీద దున్నని చోటు నుంచి నాలుగు తీసుకుని రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. గట్టు మట్టి గడ్డ చాలాసేపు ఆకారం నిలుపుకుంటుంది. ఏళ్ల తరబడి పశువుల ఎరువు చూడని చెలక మట్టి మాత్రం వెంటనే పొంగి, చిట్లి, అడుగున బురదలా పరుచుకుంటుంది. వాన చినుకు పడ్డప్పుడు పొలంలో జరిగేదీ అదే. పైన పొర కట్టుకుంటుంది, నీరు ఇంకదు, మన్ను కొట్టుకుపోతుంది. కంది మొక్కల వేళ్లు బయటపడ్డాయా, ఏటికేడు రాళ్లు పైకి తేలుతున్నాయా అన్నదీ చూడండి. ఎర్ర చెలకల్లో మన్ను లోతు తక్కువ. పోయిన అంగుళం మన జీవితకాలంలో తిరిగి రాదు.

భూసార పరీక్ష కాగితంలో ఏ అంకె చూడాలి?

సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకు, పేడ నుంచి నేలకు చేరిన సత్తువ. 0.5 శాతం కంటే తక్కువుంటే తక్కువని, 0.5 నుంచి 0.75 దాకా మధ్యస్థమని, ఆపైన ఎక్కువని లెక్క. మూడు నాలుగేళ్లకోసారి అదే చెలకలో, అదే నెలలో పరీక్ష చేయించాలి. వానలకు ముందు ఎకరంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, బాగా కలిపి, అందులోంచి అర కిలో పంపండి. దిబ్బ వేసిన చోట, చెట్టు కింద, గట్టు పక్కన తీయవద్దు.

బోరు నడుస్తూనే ఉంది. నీళ్ల సంగతి ఎలా తెలుస్తుంది?

కరెంటు బిల్లు చెప్పదు. 2018 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి ఎంత తోడామో ఏ కాగితంలోనూ ఉండదు. అందుకే మూడు సంగతులు రాసుకోండి. ఆపకుండా వేస్తే ఎన్ని గంటలకు గాలి వస్తోంది? ఊళ్లో ఈ ఏడు ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండాయి, ఎంత లోతుకు పోయారు? పాత దిగుడు బావిలో మేలోనూ నవంబరులోనూ నీటిమట్టం ఎంత? ముడులు వేసిన తాడుకు రాయి కట్టి దించితే చాలు. నవంబరు మట్టం మంచి వానల తర్వాత కూడా పాత మట్టానికి చేరకపోతే, నేలలోకి ఇంకుతున్న నీటి కంటే మనం తోడేది ఎక్కువ. అలాంటి ఊళ్లో యాసంగి వరి ఎకరాలు పెరగడాన్ని అభివృద్ధి అని నేను రాయలేను.

నల్లగొండ వైపు ఇంకో మాట. గ్రానైటు రాళ్ల లోతుల్లోంచి వచ్చే నీటిలో ఫ్లోరైడు ఎక్కువుండవచ్చు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. కొత్త బోరు నీళ్లు పశువులకైనా పెట్టే ముందు పరీక్ష చేయించండి.

ఎకరానికి పత్తి పది క్వింటాళ్లు తీశాను. అంతకంటే నిలకడ ఏముంటుంది?

దిగుబడి ఒక్కటీ చూస్తే మోసపోతాం. ఆ పది క్వింటాళ్ల కోసం విత్తనం, ఎరువు, మందు, కూలీ, ట్రాక్టరు, కౌలు కలిపి ఎంత నగదు బయటికి పోయిందో, ఆ నగదు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారో రాయండి. తర్వాత అదే చెలకలో జొన్న, కంది కలిపి వేసినవాళ్ల లెక్క పక్కన పెట్టండి. జొన్నకు ధర తక్కువే కావచ్చు. కానీ చొప్ప పశువులకు వచ్చింది, కంది ఇంట్లో పప్పయింది, కంది ఆకు రాలి నేలకు చేరింది, విత్తనం ఇంటిదే. నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చే సూచిక ఒకటే: నూరు రూపాయల పంటలో బయట కొన్నవాటికి పోయింది ఎన్ని రూపాయలు? ఆ అంకె మూడేళ్లు వరుసగా పెరిగితే, పంట ఎంత బాగా కనబడినా ఆ కమతం జారుతోందన్నట్టే.

మేం కౌలుకు చేస్తున్నాం. నేల బాగు మాకెందుకు?

ఏడాదికేడాది మారే కౌలులో దిబ్బ ఎరువు తోలమంటే ఎవరూ తోలరు, అందులో తప్పేమీ లేదు. అంచనా పుస్తకంలో ఊరి మొత్తం సాగులో కౌలు ఎంత, ఒప్పందం ఎన్నేళ్లు అన్నది తప్పకుండా ఉండాలి. రెండు మూడేళ్ల మాట ఇచ్చిన యజమాని చెలక, ఇవ్వనివాడి చెలక పోల్చి చూపిస్తే మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది.

## ఇంట్లో, ఊళ్లో

సమితి బాగా నడుస్తున్నదో లేదో ఎలా తెలుసుకోవాలి?

తీర్మానాల పుస్తకం తెరవండి. చివరి సమావేశం ఎప్పుడు? ఖాతాలో డబ్బు ఎంతో అధ్యక్షుడు కాకుండా ఇంకెవరికి తెలుసు? కట్టె కొట్టినవాడికి జరిమానా వేశారా, ఊరి పెద్ద కొడుకైతే కూడా వేశారా? ఉమ్మడి వనరులను జనం తామే ఎలా నిలుపుకుంటారో దేశదేశాల్లో పరిశీలించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె తేల్చిందీ ఇలాంటివే: హద్దు స్పష్టంగా ఉండాలి, నియమం వాడుకునేవాళ్లే చేసుకోవాలి, కాపలా తమవాళ్లదే కావాలి, శిక్ష మెల్లగా పెరుగుతూ పోవాలి, తగువు దగ్గర్లోనే తీరాలి.

ఆడవాళ్లు కమిటీలో ఉన్నారని రాశాం. సరిపోతుందా?

పేరు ఉండటం వేరు, మాట చెల్లడం వేరు. వాళ్లు ప్రతిపాదించిన ఒక్క నియమమైనా అమల్లో ఉందా అని చూడండి. ఇంకా సూటిగా తెలియాలంటే, వంటచెరకుకు నడిచే దూరం, బరువు కొలవండి. ఊరి పక్క గుట్ట మూశాక ఆ దూరం రెండింతలైతే, కాపలా ఖర్చు మొత్తం ఆడవాళ్ల తల మీద పడిందన్నమాట. సీతాఫలాల కాలంలో బుట్టలు అమ్మిన డబ్బు ఎవరి చేతికి వస్తోందో అదీ అడగండి. బాలానగర్ సీతాఫలం పేరు దేశమంతా తెలుసు, ఏరిన ఆమెకు గిట్టేది ఎంతో ఊళ్లోనే సరిగా తెలియదు.

సగం ఊరు వలస పోయినప్పుడు లెక్క ఎలా?

వలసే ఒక సూచిక. ఎన్ని ఇళ్లు, ఏ నెలలో, ఎంతకాలం అన్నది రాయండి. దీపావళి దాటాక పోయి ఉగాదికి వచ్చేవాళ్లు వేరు, తాళం వేసి పోయినవాళ్లు వేరు. సమావేశాలు వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే పెట్టండి.

## అంకెలు చేతికొచ్చాక

అన్నిటికీ మార్కులు వేసి కూడితే ఊరికి నూటికి ఎంతో తేలుతుంది కదా?

కూడవద్దు. చెట్లకు తొంభై, భూగర్భ జలానికి ఇరవై వస్తే సగటు యాభై అయిదు అంటారు. ఆ యాభై అయిదులో ఎండుతున్న బోరు కనబడదు. ఒక్కో సూచికకు ఒక్కో గీత చొప్పున మధ్య బిందువు నుంచి చుట్టూ గీయండి. గీత మీద మార్కు పెట్టి చుక్కలు కలపండి. ఏ వైపు లోపలికి కుంగిందో ముసలమ్మ కూడా చూసి చెబుతుంది. చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎన్నేళ్లు కొలిస్తే నమ్మవచ్చు?

కనీసం ఒక కాలం కాని ఏడాది అందులో ఉండాలి. మంచి వానలు పడిన మూడేళ్ల లెక్క కంటే, నలభై రోజులు చినుకు లేని ఒక్క వానాకాలం ఎక్కువ నేర్పుతుంది. ఆ ఏడాది ఏ ఇల్లు ఏం అమ్మింది, ఎంత అప్పు చేసింది, అడవి నుంచి ఏం తెచ్చుకుంది, దెబ్బ నుంచి తేరుకోవడానికి ఎన్ని పంటలు పట్టింది అన్నది ఇంటింటికీ రాయండి. వానకొలత గిన్నె ఒకటి ఊళ్లో పెట్టి, వానకూ వానకూ మధ్య ఎడం ఎన్ని రోజులో రాసుకుంటే ఏళ్ల మధ్య పోలిక న్యాయంగా ఉంటుంది.

ఫలితం చెడ్డగా వస్తే అధికారులకు చూపించాలా? హక్కు పోతుందేమోనని భయం.

ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. ముందు గ్రామసభలో చదవండి. ఏం తగ్గిందో, ఎందుకు తగ్గిందో, ఏం చేయదలచుకున్నారో తీర్మానం రాసి, అప్పుడు బయట చూపించండి. తన లోపం తనే గుర్తించి, సరిచేసే దారి రాసుకున్న గ్రామసభతో వాదించడం ఎవరికైనా కష్టం.

ఈ లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి?

అసలు గ్రామసభ దగ్గర, నకలు బడిలో. అడవి వివరాలను జీవ వైవిధ్య చట్టం కింద ఊరు రాసుకునే ప్రజా జీవ వైవిధ్య రిజిస్టరులోనూ ఎక్కించవచ్చు. అయితే మందు మొక్కలు ఎక్కడ దొరుకుతాయో తెలిపే పటం మాత్రం బయటివాళ్లకు ఇవ్వవద్దు. ఫోటో తీసుకుంటామన్నా గ్రామసభ అనుమతి అడగమనండి.